పాఠశాలారంభమున ఉపాధ్యాయుని పనిభారము – తల్లిదండ్రుల కర్తవ్యము

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు మరల తెరవబడు దినములలో తల్లిదండ్రుల దృష్టి పుస్తకములపైనను, దుస్తులపైనను, రుసుములపైనను నిలుచుట సహజము. బిడ్డ ఏ తరగతికి వచ్చినాడు, ఏ బెంచిపై కూర్చున్నాడు, మధ్యాహ్నమున ఏమి తిన్నాడు అను ప్రశ్నలు ప్రతి ఇంటను వినవచ్చును. ఈ సంవత్సరము మన అయ్యవారికి ఎన్ని తరగతులు, వారమునకు ఎన్ని పాఠములు ఏర్పడినవి అను ప్రశ్న మాత్రము అరుదుగా వినవచ్చును. అయినను బిడ్డ చదువు ఏ రీతిగా సాగునో నిర్ణయించు విషయములలో ఇది మొదటిది.

ఒక ఉపాధ్యాయుడు ఉద్యోగ విరమణ చేసి, ఆ స్థానము వెంటనే నింపబడక పోవుట మన వంటి పాఠశాలలలో వింత కాదు. అట్టి సంవత్సరమున మిగిలినవారు ఆ పాఠములను పంచుకొందురు. కాలపట్టిక యందు గడులన్నియు నిండియుండును. పాఠశాల నడచుచునే యుండును. బయటివారికి లోటు కానరాదు. లోటు ఎచ్చట కలుగుచున్నదో తెలియవలెనన్న కొంచెము లెక్క వేయవలయును. ఈ వ్యాసమున ముందుగా ఆ లెక్కను చూపి, పిమ్మట ఉపాధ్యాయుడు చేయదగినదానిని, తల్లిదండ్రులు చేయదగినదానిని వేరువేరుగా వివరింతును.

1. గంటల లెక్క

2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టమునకు చేర్చిన అనుబంధమున ఉపాధ్యాయుని పని వారమునకు కనీసము 45 గంటలని చెప్పబడినది. పాఠములకు సిద్ధపడు కాలము కూడ ఇందులో చేరియున్నది. అల్పసంఖ్యాక వర్గముల పాఠశాలలకు ఈ చట్టము వర్తింపదని 2014 లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. చట్టముగా కాక, కొలబద్దగా మాత్రము ఈ 45 గంటలను ఇచ్చట గ్రహింతము.

ఒక తెలుగు ఉపాధ్యాయుని ఉదాహరణముగా తీసికొందము. ఆయనకు అయిదు తరగతులు. ఒక్కొక తరగతికి వారమున ఆరు పీరియడ్లు. వెరసి 30 పీరియడ్లు. పీరియడు 40 నిమిషములైనచో బోధనకు 20 గంటలు పట్టును. ఒక్కొక పాఠమునకు పావుగంట సిద్ధపాటు వలసినచో 7 గంటల 30 నిమిషములు. తరగతికి 35 మంది చొప్పున నోటుపుస్తకములు 175. వారమునకు ఒకమారు, పుస్తకమునకు మూడు నిమిషముల వంతున దిద్దినను 8 గంటల 45 నిమిషములు. ఈ మూడును కలిపిన 36 గంటల 15 నిమిషములు. తక్కిన 8 గంటల 45 నిమిషములలో హాజరుపట్టీలు, ప్రార్థన, భోజన సమయపు పర్యవేక్షణ, పరీక్షాపత్రములు, సమావేశములు మొదలగు పనులు జరుగవలయును.

ఇప్పుడు సాంఘికశాస్త్రపు ఉపాధ్యాయుని స్థానము ఖాళీ అయి, వారి పాఠములలో ఆరు పీరియడ్లు ఈయనకు వచ్చినవనుకొందము. 36 పీరియడ్లకు బోధన 24 గంటలు, సిద్ధపాటు 9 గంటలు, దిద్దుట మునుపటివలెనే 8 గంటల 45 నిమిషములు. వెరసి 41 గంటల 45 నిమిషములు. తక్కిన పనులకు మిగులునది 3 గంటల 15 నిమిషములే. సాంఘికశాస్త్రపు నోటుపుస్తకములను ఈ లెక్కలో చేర్చనేలేదు. ఆరు పీరియడ్లనగా బోధనలో నాలుగు గంటలే కదా యని మనకు తోచును. కాని సిద్ధపాటుతో కూడ అయిదున్నర గంటలు పోయినవి.

పాఠశాల తెరచిన తొలి మాసమున ఈ మిగిలిన కాలముపైననే మరియొక బరువు పడును. ప్రవేశపు దరఖాస్తులు, పాఠ్యపుస్తకముల పంపకము, విద్యార్థివేతనముల కాగితములు, ఆధార్ వివరములు, బ్యాంకు ఖాతా సంఖ్యలు, బస్సు పాసులు, కంప్యూటరులో నమోదు – ఇవన్నియు తరగతి ఉపాధ్యాయుని బల్లమీదికే వచ్చును. ఒక్కొక విద్యార్థికి ఇరువది నిమిషములు పట్టినచో 35 మందికి 11 గంటల 40 నిమిషములు. మూడుంబావు గంటల ఖాళీలో ఈ పని ఇముడదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇముడనప్పుడు ఏదో ఒకటి విడువబడును. పాఠము విడుచుటకు వీలులేదు. గంట కొట్టగానే తరగతిలో నిలువవలయును. కార్యాలయపు కాగితము విడుచుటకు వీలులేదు. దానికి గడువు కలదు. అడుగువారు లేని పని ఒక్కటియే – నోటుపుస్తకము దిద్దుట. కాబట్టి విడువబడునది అదియే. రాత్రి ఇంటివద్ద దిద్దుదమని కట్ట కట్టి తీసికొనిపోయిన పుస్తకములు కొన్ని దినములు దిద్దబడును. అలసట పెరిగినకొలది సంతకము మాత్రమే మిగులును. బిడ్డ తప్పును తప్పని చెప్పువారు లేక, అదియే ఒప్పని నమ్మి ముందునకు సాగును. జూను నెలలో దిద్దని తప్పు మార్చి నెలలో పరీక్షాపత్రమున కానవచ్చును.

2. మన పాఠశాలలకు గల విశేషము

ఈ మాట అన్ని పాఠశాలలకు వర్తించునదే. అయినను బళ్ళారి ప్రాంతపు తెలుగు పాఠశాలలకు ఇందులో ఒక విశేషము కలదు. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోగా, బళ్ళారి మొదలగు తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రమున చేరినవి. నాటినుండి మనము కన్నడ రాజ్యమున తెలుగు మాటాడు పౌరులము. కర్ణాటకమున 2015 సంవత్సరపు కన్నడ భాషాభ్యసన చట్టముచే కన్నడము ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో ప్రతి పాఠశాలలోను బోధింపబడవలయును. ఇది న్యాయమైన నియమమే. ఈ నేలపై బ్రతుకువానికి ఈ నేల భాష రావలయును. కావున మన బిడ్డ చిన్ననాటనే తెలుగును, కన్నడమును, ఇంగ్లీషును, మూడు లిపులతో నేర్చుకొనుచున్నాడు.

తెలుగు లిపియు కన్నడ లిపియు అక్కచెల్లెండ్రవంటివి. పోలిక యుండుట మేలే. కాని పసివానికి ఆ పోలికయే చిక్కు తెచ్చును. తెలుగు అక్షరముపై తలకట్టు పిట్టముక్కువలె వంగి పైకి లేచును. కన్నడమున అది అడ్డముగా సాగును. ఒకే పుటలో ఒక పంక్తి ఈ తలకట్టుతోను, మరియొక పంక్తి ఆ తలకట్టుతోను వ్రాయు పిల్లలు ప్రతి తరగతిలో కలరు. ఈ తప్పును నల్లబల్లపై ఒకమారు చెప్పిన పోదు. ఒక్కొకరి పుస్తకముపై, ఒక్కొక అక్షరముపై వ్రేలు పెట్టి చూపవలయును. ఇతర పాఠశాలలలో దిద్దుబాటు ఆలస్యమైనచో మార్కులు తగ్గును. మన పాఠశాలలో అది ఆలస్యమైనచో లిపియే నిలువదు.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, కోలాచలము శ్రీనివాసరావుగారును తెలుగు నాటకములు రచించి ఆడించిన ఊరు ఇది. బళ్ళారి రాఘవగారు నటించిన ఊరు ఇది. అట్టి ఊరిలో తెలుగు మాటాడువారు ఉండి, తెలుగు చదువువారు లేకుండ పోవుట విచారకరము. మాట ఇంటియందు నిలుచును; వ్రాత మాత్రము బడియందే నిలుచును. ఆ వ్రాతకు కాపు ఉపాధ్యాయుని ఎఱ్ఱసిరా కలమే.

3. ఒక గురువు, పెక్కుమంది శిష్యులు – పూర్వుల ఉపాయము

ఒక్క ఉపాధ్యాయుడు పెక్కు తరగతులకు చెప్పవలసివచ్చుట నేటి కష్టము కాదు. 1823 లో బళ్ళారి కలెక్టరుగా నుండిన ఏ. డి. క్యాంబెల్ ఈ జిల్లా విద్యను గూర్చి ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. నాటి జిల్లా నేటి జిల్లాకంటె చాల పెద్దది. అందు 533 పాఠశాలలు ఉండెననియు, వానిలో కన్నడ పాఠశాలలు 235, తెలుగు పాఠశాలలు 226 అనియు ఆ నివేదిక చెప్పుచున్నది. రెండు భాషలును ఈ ప్రాంతమున నాడే సమానముగా వెలిగినవని దీనివలన తెలియును. ఆ వీధిబడులలో సామాన్యముగా గురువు ఒక్కడే. ముందు నేర్చిన పిల్లలు వెనుకవారికి నేర్పుచుండిరి. ఆ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొనెను.

అంతకు పూర్వమే, 1789 నుండి, చెన్నపట్టణమున ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయమునకు పెద్దగా నుండిన ఆండ్రూ బెల్ అను దొర దేశీయ బడిలో పిల్లలు ఇసుకపై అక్షరములు దిద్దుట చూచి, తన పాఠశాలలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టెను. పిల్లలచేతనే పిల్లలకు చెప్పించుట అందులో ముఖ్యాంశము. 1797 లో ఆయన దానిని గూర్చి లండను నగరమున పుస్తకము ప్రకటించెను. అది ఇంగ్లండున ‘మదరాసు పద్ధతి’ యను పేర వ్యాపించెను. మన వీధిబడి ఉపాయము సముద్రము దాటి పోయినదన్నమాట.

ఈ పద్ధతికి లోపమును కలదు. చెప్పు పిల్లవానికి తెలిసినంతవరకే వినువానికి తెలియును. తెలియనిచోట వల్లెవేయుట మిగులును. పైగా ఎల్లప్పుడును చెప్పుచు కూర్చున్న పిల్లవాని సొంత చదువు వెనుకబడును. ఇంగ్లండున ఆ పద్ధతి క్రమముగా వెనుకబడుటకు ఇట్టి లోపములును కారణమే. కాబట్టి మనము దానినుండి గ్రహింపదగినది కొలది మాత్రమే: చదివి వినిపించుట, ఎక్కములు అప్పగించుకొనుట, చుక్కలు కలిపి అక్షరము దిద్దించుట – ఇవి పెద్దపిల్లలు చేయవచ్చును. క్రొత్త పాఠము చెప్పుట, తప్పు దిద్దుట అయ్యవారి పనియే.

ఈ ఉపాయమునకు నూతన రూపము కూడ మన కర్ణాటకమున కలదు. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకాలో 1995 ప్రాంతమున ‘నలి-కలి’ అను పద్ధతి ఆరంభమైనది. అందుకు ప్రేరణ తెలుగుసీమనుండి లభించినది. మదనపల్లె సమీపమునందలి రిషివ్యాలీ విద్యాకేంద్రము తన చుట్టుపట్ల పల్లె బడులలో నడపిన పద్ధతిని ఆ ఉపాధ్యాయులు పోయి చూచి వచ్చిరి. ఇందులో చిన్నతరగతుల పిల్లలు కలిసి కూర్చుందురు. పాఠము చిన్నచిన్న మెట్లుగా విభజింపబడి, మెట్టుమెట్టునకు ఒక కార్డు ఉండును. పిల్లలు జట్లుగా నుందురు: ఒక జట్టునకు అయ్యవారి పూర్తి సాయము, వేరొక జట్టునకు కొంత సాయము, మరియొక జట్టునకు తోటివారి సాయము, కడపటి జట్టు స్వయముగానే పని చేసికొనును. అయ్యవారి కాలము ఎవరికి అత్యవసరమో వారికే ముందుగా చేరును. ఈ పద్ధతి మూలసూత్రము అదియే.

4. ఉపాధ్యాయుడు చేయదగినది

పని పెరిగిన సంవత్సరమున వెనుకటివలెనే అన్నియు చేయుదునని పూనుకొనుట ధైర్యమే గాని వివేకము కాదు. ఏది విడువవచ్చునో ముందే నిశ్చయించుకొన్నచో, విడువకూడనిది చేజారిపోదు. అనుభవజ్ఞులు పాటించు కొన్ని మార్గములను ఇచ్చట పేర్కొనుచున్నాను. వీనిని తల్లిదండ్రులు కూడ తెలిసికొనుట మంచిది. ఏలయన వీనిలో కొన్నిటిని చూచి అయ్యవారు శ్రద్ధ తగ్గించినారని వారు భ్రమపడు అవకాశము కలదు.

మొదటిది: తొలి పక్షమున క్రొత్త పాఠములకు త్వరపడరాదు. ఒక్కొక విద్యార్థి చేత నాలుగు పంక్తులు చదివించి, నాలుగు పంక్తులు వ్రాయించి, అతడు ఎచ్చట నిలిచియున్నాడో గుర్తించి పట్టీలో వ్రాసికొనవలయును. ఇది కాలహరణము కాదు. ఈ పట్టీ లేనిచో సంవత్సరమంతయు రానివానికిని వచ్చినవానికిని ఒకే పాఠము చెప్పుచు, ఇరువురి కాలమును వృథాచేయుట తటస్థించును.

రెండవది: పుస్తకముల దిద్దుబాటును పంచుకొనవలయును. 175 పుస్తకములను శనివారమున ఒక్కమారుగా పేర్చుకొన్నవాడు వానిని చూచియే అలసిపోవును. అయిదు దినములకు పంచినచో దినమునకు 35 మాత్రమే, గంటముప్పావు పని. ఒక్కొక వారమున ఒక్కొక విధమైన తప్పునే దిద్దవచ్చును – ఒక వారము తలకట్లు, ఒక వారము ఒత్తులు, ఒక వారము దీర్ఘములు. పుటయంతయు ఎఱ్ఱగా నిండిన దిద్దుబాటును పిల్లవాడు చూడను కూడ చూడడు. రెండు తప్పులు చూపి, వానిని మరల వ్రాయించినచో అవి పోవును.

మూడవది: ఇంటిపని మితముగా ఇయ్యవలయును. అయిదు పుటలు వ్రాయించి దిద్దకుండుటకంటె అయిదు పంక్తులు వ్రాయించి దిద్దుట మేలు.

నాలుగవది: రెండు తరగతులను కలిపి చెప్పవలసినప్పుడు రెండింటికిని ఏకకాలమున ఉపన్యసింపరాదు. ఒక తరగతి వ్రాయుచుండగా మరియొక తరగతి వినునట్లు, ఇరువది నిమిషములకు మార్చుచు, పని ముందే నల్లబల్లపై వ్రాసియుంచవలయును.

అయిదవది: సిద్ధపరచుకొన్న పాఠములను దాచుకొనవలయును. ఈ సంవత్సరము వ్రాసికొన్న ప్రశ్నలు, పటములు, అక్షరపు కార్డులు వచ్చు సంవత్సరమునకు పెట్టుబడి. తోటి ఉపాధ్యాయులు వీనిని పంచుకొన్నచో సిద్ధపాటు కాలము సగమగును.

ఆరవది: గొంతు కాపాడుకొనవలయును. వారమునకు 36 పీరియడ్లు బిగ్గరగా మాటాడువాని గొంతు శ్రావణమునకే బొంగురుపోవును. మంచినీరు దగ్గర నుంచుకొనుట, పిల్లలచేత బిగ్గరగా చదివించి తాను వినుట, సద్దుమణిగిన పిమ్మటనే మాటాడుట – ఇవి చిన్న సంగతులుగా తోచును. కాని ఉపాధ్యాయుడు పది దినములు సెలవు పెట్టినచో ఆ పాఠములు మరల మిగిలినవారి నెత్తిపైననే పడును.

5. తల్లిదండ్రులు చేయదగినది

ఇక తల్లిదండ్రుల వంతు. ఉపాధ్యాయునకు వేతనమిచ్చుట, నింపవలసిన స్థానములు నింపుట మీ చేతిలోని పనులు కావు. ఆయన కాలమును మిగుల్చుట మాత్రము చాలవరకు మీ చేతిలోనిదే.

కాగితములను ఒక్కమారుగా తెండు. పైన చెప్పిన 11 గంటల 40 నిమిషములలో పెద్దభాగము ఒకే విద్యార్థికై పదిమార్లు అడుగుటవలన పోవునదే. నాడకచేరినుండి పొందవలసిన కుల, ఆదాయ ధ్రువపత్రములు, ఆధార్ ప్రతి, బ్యాంకు పుస్తకపు ప్రతి, రెండు ఛాయాచిత్రములు – వీనిని సెలవులలోనే సమకూర్చి, పేరు అన్నిటియందును ఒకే విధముగా ఉన్నదో లేదో చూచి, ఒక సంచిలో పెట్టి మొదటి వారమున ఇచ్చినచో ఒక్కొక విద్యార్థికి ఎనిమిది నిమిషములు చాలును. 35 మందికి 4 గంటల 40 నిమిషములు. మిగిలిన కాలము 7 గంటలు. పుస్తకమునకు మూడు నిమిషముల వంతున 7 గంటలలో 140 నోటుపుస్తకములు దిద్దవచ్చును. మీరు ఒక సంచి సిద్ధపరచుట ఎంతటి పనియో ఈ లెక్క చెప్పుచున్నది.

తొలి దినమునుండియే బడికి పంపుడు. తుంగభద్ర కాలువలక్రింద శిరుగుప్ప, కంప్లి ప్రాంతములందును, తెలుగు రైతులు స్థిరపడిన క్యాంపులందును కాలువకు నీరు వచ్చిన దినములలో ఇంటిల్లపాదికి పని తగులును. వరినాట్ల వేళ చిన్న పిల్లలను చూచుకొనుటకై పెద్దపిల్లను బడి మాన్పించుట మనము చూచుచున్నదే. ఇంటి కష్టము మాకు తెలియనిది కాదు. కాని మూడు వారములు రాని పిల్లకై అయ్యవారు మూడు వారముల పాఠమును మరల చెప్పవలయును. చెప్పు వీలు లేనప్పుడు ఆ పిల్ల సంవత్సరమంతయు వెనుక బెంచియందు మౌనముగా కూర్చుండును. ఇరుగుపొరుగు ఇండ్లవారు వంతులు వేసికొని చిన్నపిల్లలను చూచుకొన్నచో ఈ నష్టము తప్పును.

ప్రతి సాయంకాలము పావుగంట తెలుగు చదివించి వినుడు. ఇచ్చట ఒక చిక్కు కలదు. మీలో పెక్కుమంది కన్నడ పాఠశాలలలోనో ఇంగ్లీషు పాఠశాలలలోనో చదివినవారు. తెలుగు చక్కగా మాటాడుదురు గాని చదువలేరు. దీనికి సిగ్గుపడ నక్కరలేదు. కన్నడ అక్షరములు వచ్చినవారికి తెలుగు అక్షరములు కొలది వారములలో పట్టుబడును. వరుస ఒకటే, గుణింతపు క్రమము ఒకటే, పెక్కు అక్షరముల రూపమును దగ్గరదే. బిడ్డచేతనే అక్షరములు చెప్పించుకొనుడు. అమ్మకు అక్షరము నేర్పుచున్నానను సంతోషమున బిడ్డ తాను మరల నేర్చుకొనును. తలకట్టు తేడాను బిడ్డ మీకు వివరింపగలిగిన నాడు ఆ తప్పు అతని పుస్తకమున మరి కానరాదు. కన్నడము మన తెలుగునకు ఎదురు కాదు, తోడు అను సంగతి ఇంటిలోనే ఋజువగును.

అయ్యవారిని కలిసికొనుటకు వేళ పాటింపుడు. పాఠము జరుగుచుండగా తలుపువద్ద నిలిచి పిలిచినచో అయిదు నిమిషములు పోయినట్లు తోచును. కాని 35 మంది దృష్టి చెదరి మరల కుదురుకొనుటకు ఇంకొక అయిదు నిమిషములు పట్టును. పాఠశాలవారు నిర్ణయించిన దినమున, నిర్ణయించిన వేళకు రండు. ప్రశ్నలను చీటిలో వ్రాసికొని రండు. రాత్రివేళ టెలిఫోను చేయుట, చరవాణిలో సందేశములు పంపి వెంటనే బదులు కోరుట మానుడు. ఆ గంట దిద్దుబాటు గంట.

చేతనైన సాయము చేయుడు. పాఠ్యపుస్తకములు మోసి పంచుట, నోటుపుస్తకములకు అట్టలు వేసి పేర్లు వ్రాయుట, గ్రంథాలయపు పుస్తకములను సరిచూచుట, దరఖాస్తులు నింపలేనివారికి నింపి యిచ్చుట – వీనికి ఉపాధ్యాయ శిక్షణ అక్కరలేదు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, తీరిక గల తల్లులు తొలి రెండు వారములు దినమునకు రెండు గంటలు వచ్చినచో కార్యాలయపు పని సగము తగ్గును. అయితే తరగతిలోనికి పోయి పాఠము చెప్పుటకు పూనుకొనరాదు. అది ప్రధానోపాధ్యాయుని నిర్ణయముపై జరుగవలసిన పని.

దిద్దిన పుస్తకము చూచి సంతకము చేయుడు. అడుగువారు లేని పని గనుకనే దిద్దుబాటు ముందుగా విడువబడునని పైన చెప్పితిని. అడుగువారు మీరు కండు. నిందించుటకు కాదు, అయ్యా, తమరు చూపిన రెండు తప్పులను మా వాడు మరల వ్రాసినాడు అని చెప్పుటకు. తన ఎఱ్ఱసిరా వ్యర్థము కాలేదని తెలిసిన ఉపాధ్యాయుడు ఎంత అలసినను మరునాటి కట్టను విప్పును.

6. పిల్లల సంఖ్య – ఉపాధ్యాయుని స్థానము

కడపట మరియొక సంగతి. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక తీర్మానము చేసినది. ఒక భాష మాటాడు పిల్లలు పాఠశాల మొత్తమున 40 మందికి గాని, ఒక తరగతిలో 10 మందికి గాని తక్కువ కానిచోట, ఆ భాషలో ప్రాథమిక విద్య నేర్పుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలయుననునది దాని సారాంశము. 1956 లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను హక్కు నిచ్చినది.

హక్కు కాగితముపై నిలిచియుండును. ఉపాధ్యాయుని స్థానము మాత్రము హాజరుపట్టీలోని పేర్లపై నిలిచియుండును. ఒక ఇంటివారు, అయ్యవారికి తీరిక లేదు, పుస్తకములు దిద్దుట లేదు అని బిడ్డను వేరొక బడికి మార్చినారనుకొందము. వారిది ఒక్క ఇంటి నిర్ణయము. అట్టి పది ఇండ్లు కలిసినచో ఒక తరగతి క్షీణించును. తరగతి క్షీణించినచో ఖాళీ అయిన స్థానమును నింపుమని అడుగుటకు ఆధారము పోవును. స్థానము నిండనిచో మిగిలినవారి భారము ఇంకను పెరుగును. భారము పెరిగినచో దిద్దుబాటు ఇంకను తగ్గును. అంతట మరి పది ఇండ్లు కదలును. గానుగెద్దువలె ఇది తిరుగుచునే యుండును. ఈ చక్రమును ఎచ్చటనో ఒకచోట ఆపవలయును. ప్రభుత్వము ఆపువరకు వేచియుండుటకంటె, మన చేతికి అందుచోట మనము ఆపుట మంచిది. మన చేతికి అందునది తొలి మాసమే.

ఖాళీ స్థానములకై విన్నవించుకొనుట మానవలెనని నా యభిప్రాయము కాదు. సంఘముతో కలిసి, పేర్ల పట్టికతో, హాజరు లెక్కలతో విన్నపములు చేయవలసినదే. కాని ఆ విన్నపము ఫలించువరకు బిడ్డ చదువు ఆగదు. ఈ సంవత్సరపు అయిదవ తరగతి మరల రాదు.

తల్లిదండ్రులారా! ఒక సంచి కాగితములు, సాయంకాలము పావుగంట చదువు, వేళ తప్పని హాజరు, దిద్దిన పుటపై ఒక సంతకము – ఇవి పెద్ద త్యాగములు కావు. వీనివలన మిగులు గంటలు ఉపాధ్యాయుని విశ్రాంతికి పోవునవియు కావు; మీ బిడ్డ పుస్తకముపైననే అక్షరములై నిలుచునవి. ఈ విద్యా సంవత్సరమున మన పిల్లల తలకట్లు చక్కబడుగాక. వారికి చెప్పు అయ్యవార్లకు ఆయురారోగ్యములు కలుగుగాక యని కోరుచు విరమించుచున్నాను.